బైవాల్వ్ శిలాజాలు: పళ్లతో పాటు పటం కూడా చదవండి

జియో-సైంటిస్ట్ పరీక్షకు చదువుతూ, పేలియంటాలజీ (శిలాజాల అధ్యయనం) అంటేనే టెన్షన్ పడుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మెయిన్స్ జియాలజీ పేపర్-1లో పేలియంటాలజీ, స్ట్రాటిగ్రఫీ (రాతి పొరల వరుస, వయసుల అధ్యయనం) రెండూ ఉంటాయి. బైవాల్వ్‌లను (ఆల్చిప్పల్లాంటి రెండు చిప్పల జీవులను) గట్టిగా చదివితే రెండు చోట్లా అక్కరకొస్తాయి.

వర్గీకరణకు నేను పట్టుకున్నది హింజ్ పళ్లనే, అంటే రెండు చిప్పలు కలిసే చోట ఉండే పళ్లనే. ఆర్కాలో ఒకేలాంటి చిన్న పళ్లు వరుసగా ఉంటాయి, అది టాక్సోడాంట్. ట్రైగోనియాలో పెద్ద పళ్ల మీద గాట్లు ఉంటాయి, అది స్కిజోడాంట్. వీనస్‌లో వేర్వేరు రకాల పళ్లు ఉంటాయి, అది హెటెరోడాంట్. హిప్పురైట్స్‌లో మందపాటి పళ్లు ఉంటాయి, అది పాకిడాంట్. బట్టీ పట్టకండి, ప్రతిదానికీ బొమ్మ వేయండి. ఆ తర్వాత కండరాల గుర్తులు, పాలియల్ సైనస్ (చిప్ప లోపలి గీతలో కనిపించే వంపు) చూసుకోండి. సైనస్ లోతుగా ఉంటే ఆ జీవి బురదలో లోతుకు దిగి బతికిందని అర్థం.

నాకు ఈ టాపిక్ మీద ఇష్టం కలిగింది మాత్రం పటం వల్లే. ప్రతి జీనస్ (ప్రజాతి) దొరికిన చోట్లను ఔట్‌లైన్ మ్యాప్‌లో గుర్తు పెట్టేదాన్ని. పర్మియన్ కాలపు (సుమారు 30-25 కోట్ల ఏళ్ల కిందటి) యూరిడెస్మానే తీసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్, పాకిస్తాన్‌లోని సాల్ట్ రేంజ్, ఆస్ట్రేలియా, అర్జెంటీనా... ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్న ఈ చోట్లన్నీ అప్పట్లో గోండ్వానా అనే ఒకే మహాఖండం భాగాలే. మనేంద్రగఢ్‌లో అది హిమానీనదాలు వదిలిన తాల్చిర్ పొరలతో కలిసి దొరుకుతుంది కాబట్టి చల్లటి నీళ్ల జీవి అని గుర్తుండిపోతుంది. రూడిస్టులు (హిప్పురైట్స్ లాంటి బైవాల్వ్‌లు) దీనికి పూర్తిగా భిన్నం. క్రెటేషియస్‌లో (సుమారు 14.5-6.6 కోట్ల ఏళ్ల కిందట) అప్పటి వెచ్చటి టెథిస్ సముద్రమంతా పరుచుకుని, ఆ కాలం ముగిసేసరికి అంతరించాయి.

ట్రైగోనియాకు ఇంకాస్త సమయం ఇవ్వండి. ఇండోట్రైగోనియా కచ్‌లోనూ, టాంజానియాలోనూ దొరుకుతుంది. రెండు తీరాలూ ఒకే సముద్రం పంచుకున్నాయనడానికి ఇది మంచి ఆధారం. మన తిరుపతి సాండ్‌స్టోన్‌లో కూడా ట్రైగోనియాలున్నాయి. ఇది చిత్తూరు వైపు తిరుపతి కాదు, ఏలూరు వైపు ద్వారకా తిరుమల ప్రాంతం. ఈ వంశం క్రెటేషియస్‌తోనే పోయిందని అనుకుంటుండగా 1802లో పెరోన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తకు టాస్మానియా దగ్గర దాని వారసుడి చిప్ప దొరికింది. నియోట్రైగోనియా ఇప్పుడు ఆస్ట్రేలియా చుట్టుపక్కల సముద్రాల్లోనే బతికుంది. మెయిన్స్ జవాబులో ఈ విషయాన్ని చిన్న మ్యాప్‌తో కలిపి రాస్తే చాలా బలంగా ఉంటుంది.

ఇదయ్యాక హిమాచల్‌లోని స్పితి ట్రయాసిక్ (పర్మియన్ తర్వాతి కాలం) పొరలు మొదలుపెట్టండి. అక్కడ ట్రయాసిక్ దశలను గుర్తుపట్టించే బైవాల్వ్‌లు ఇవి: లాడినియన్‌కు డావోనెల్లా, కార్నియన్‌కు హలోబియా, నోరియన్‌కు మోనోటిస్. కింది నుంచి పైకి ఈ వరుసలోనే నోట్స్ రాసుకోండి.