రెడ్ వింగ్స్ కుర్రాళ్లను అంచనా వేయడం: నా అనుభవం

ఐస్ హాకీ జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్స్ చేతిలో ఉన్న కుర్ర ఆటగాళ్లను నేను ఏటా రెండుసార్లు వరుస పెడతాను. డ్రాఫ్ట్ (జట్లు కుర్ర ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ముగిశాక జూలైలో ఒకసారి, సీజన్ సగం దాటాక ఫిబ్రవరిలో మరోసారి. ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, ఏడు రౌండ్లు కలిపి 224 ఎంపికలు. అలా తీసుకున్న వాళ్లలో చాలామంది ఆ తర్వాత కొన్నేళ్లపాటు వేరే లీగుల్లో, వేరే దేశాల్లో ఆడతారు. వాళ్లు ఆడే రింకుల కొలతలు కూడా ఒకటి కాదు. అందుకే పాయింట్ల (గోల్స్, అసిస్టులు కలిపిన లెక్క) పట్టిక పైనుంచి కిందికి చదివి వరుస పెట్టడం కుదరదు. ఆ పాయింట్లు ఏ వయసులో, ఎన్ని నిమిషాల ఆటలో, ఎవరి పక్కన ఆడితే వచ్చాయో ముందు తేలాలి. ఆటగాడికి నేను పెట్టే సమయంలో సగానికి పైగా ఈ మూడింటికే పోతుంది.

మొదట జాబితాలో ఎవరుండాలో గీత గీసుకోవాలి. ఏటా ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ కోసం లీగు ఒక కొలత పెట్టుకుంది: సెప్టెంబర్ 15 నాటికి 26 ఏళ్లు నిండకూడదు, అంతకుముందు ఏ ఒక్క సీజన్లోనూ 25 ఆటలు దాటకూడదు, ఏ రెండు సీజన్లలోనూ ఆరేసి ఆటలు ఆడి ఉండకూడదు. నా పనికి అది అచ్చంగా సరిపోదు. 24 నిండనివాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో 60 ఆటలు దాటనివాడు నా జాబితాలో ఉంటాడు. గోలీలకు (గోల్ కాపలాదారులకు) ఇంకో రెండేళ్లు ఇస్తాను.

స్ప్రెడ్‌షీట్‌లో పేరు పక్కనే పుట్టిన తేదీ రాసుకోవాలి. ఏడాది ఒక్కటే రాసుకుంటే సరిపోదు. సెప్టెంబర్ 15 నాటికి 18 నిండినవాడే ఆ ఏడాది డ్రాఫ్టుకు అర్హుడు. ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబర్ 17న. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయి 2016లోకి వచ్చాడు. ఆ మధ్య ఏడాది జ్యూరిక్‌లో పెద్దవాళ్ల లీగులో ఆడి, మొదటి ఎంపికగా వెళ్లాడు. అంటే ఒకే డ్రాఫ్టులో పక్కపక్కన కనబడే ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. పదిహేడేళ్ల వయసులో పదకొండు నెలలంటే ఒంటి బరువు, కాళ్ల బలం, కోచ్ ఇచ్చే నిమిషాలు అన్నీ మారిపోతాయి. ఒకే లీగులో సెప్టెంబర్ చివర పుట్టిన పెద్దవాడు 80 పాయింట్లు చేసి, ఆగస్టు చివర పుట్టిన చిన్నవాడు 70 చేస్తే నేను చిన్నవాణ్ణే పైన రాస్తాను.

తర్వాతి గడుల్లో ఒప్పందం సంగతి. ఇంతకాలం ఉన్న నియమం ప్రకారం కెనడా మేజర్ జూనియర్ (కుర్రాళ్ల పై అంచె లీగులు) నుంచి తీసుకున్నవాడితో రెండేళ్లలోపు, జూన్ 1కి ముందే సంతకం చేయించుకోవాలి. 2026 సెప్టెంబర్ నుంచి లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కొత్త సమష్టి ఒప్పందం మొదలవుతుంది కాబట్టి ఈ తేదీలను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. 18, 19 ఏళ్లవాడు సంతకం చేసినా ఎన్‌హెచ్‌ఎల్‌లో పది ఆటలు ఆడకపోతే అతని ఒప్పందం లెక్క మరుసటి ఏడాదికి జరుగుతుంది. అక్టోబర్‌లో ఓ కుర్రాడు తొమ్మిది ఆటలాడి వెనక్కి వెళ్లాడంటే ఆడలేకపోయాడనే అనుకోనక్కర్లేదు. జట్టుకు మొత్తం 50 ఒప్పందాల పరిమితి కూడా ఉంది. అంచున ఉన్న కుర్రాడి గతి చాలాసార్లు ఆ అంకె దగ్గరే తేలిపోతుంది.

ఇక లెక్కలు. ఒక లీగు పాయింట్లను ఎన్‌హెచ్‌ఎల్ పాయింట్లుగా మార్చే గుణకాలు ఉన్నాయి. ఎవరు కట్టిన లెక్కనుబట్టి కాస్త మారతాయి గానీ నేను వాడేవి సుమారుగా ఇవి: స్వీడన్ పెద్ద లీగుకు 0.57, ఎన్‌హెచ్‌ఎల్‌కు ఒక మెట్టు కిందిదైన అమెరికన్ హాకీ లీగుకు 0.45, అంటారియో జూనియర్ లీగుకు 0.30. 82 ఆటల సీజనుకు తేవడానికి ఆటకు వచ్చే పాయింట్లను 82తో, తర్వాత గుణకంతో హెచ్చవేయాలి. రంజీ పరుగులను టెస్టు పరుగులతో పోల్చేటప్పుడు మనం మనసులో వేసుకునే కోత లాంటిదే ఇది.

ఈ అంకె దగ్గరే ఆగిపోతే బోల్తా పడతాం. అంటారియోలో ఆడే ఇద్దరు ఫార్వర్డ్‌లను ఊహించుకోండి. మొదటివాడు 64 ఆటల్లో 80 పాయింట్లు, రెండోవాడు 62 ఆటల్లో 62. గుణకం వేస్తే మొదటివాడికి 31, రెండోవాడికి 25 వస్తాయి. ఇప్పుడు ఆటల షీట్లు తీసి పవర్ ప్లేలో, అంటే ఎదుటి జట్టులో ఒకడు పెనాల్టీలో కూర్చున్నప్పుడు, వచ్చిన పాయింట్లు తీసేయాలి. తర్వాత రెండో అసిస్టులు తీసేయాలి. గోల్ కొట్టినవాడికి పక్ (మంచు మీద జారే రబ్బరు బిళ్ల) అందించినవాడిది మొదటి అసిస్టు, అతనికి అందించినవాడిది రెండోది. ఈ రెండోది చాలాసార్లు అదృష్టం. మొదటివాడికి 28 పవర్ ప్లే పాయింట్లు, మిగతా వాటిలో 17 రెండో అసిస్టులు ఉన్నాయనుకుంటే 35 మిగులుతాయి, ఆటకు 0.55. రెండోవాడికి 10, 14 పోతే 38, ఆటకు 0.61. వరుస తిరగబడింది. ఎన్‌హెచ్‌ఎల్‌కు వచ్చిన కొత్తలో వీళ్లెవరికీ మొదటి పవర్ ప్లే దక్కదు కాబట్టి నేను నమ్మేది ఈ రెండో అంకెనే.

షాట్లు కూడా రాసుకోవాలి. 180 షాట్లకు 40 గోల్స్ అంటే 22 శాతం. జూనియర్‌లో కూడా అది నిలిచే శాతం కాదు. 14 శాతానికి దిగితే అవే షాట్లకు 25 గోల్సే. గోల్స్ ఎక్కువై షాట్లు తక్కువైతే వచ్చే ఏడాది పడిపోతాడని ఇప్పుడే పట్టికలో రాసిపెట్టుకుంటాను.

నిమిషాల సంగతికి లూకస్ రేమండ్‌ను మించిన ఉదాహరణ లేదు. 2019-20లో స్వీడన్ క్లబ్ ఫ్రోలుండా పెద్ద జట్టులో 33 ఆటల్లో 10 పాయింట్లు. పై గుణకంతో లెక్కేస్తే 82 ఆటలకు 14. అంత తక్కువ అంకెతో నాలుగో ఎంపికా అని అడిగినవాళ్లున్నారు. కానీ అతను ఆడిందే ఆటకు పది నిమిషాలకు అటూ ఇటూగా, అదీ పదిహేడేళ్ల వయసులో, టైటిళ్లు గెలిచే జట్టులో. 2021-22లో డెట్రాయిట్‌కు వచ్చి 82 ఆటల్లో 57 పాయింట్లు చేశాడు. మోరిట్జ్ సైడర్‌ది ఇంకా తీవ్రం. 2018-19లో జర్మనీ లీగులో మాన్‌హైమ్‌కు 29 ఆటల్లో ఆరే ఆరు పాయింట్లు. 2019లో రెడ్ వింగ్స్ జనరల్ మేనేజర్ స్టీవ్ యైజర్‌మన్ అతన్ని ఆరో ఎంపికగా తీసుకున్నప్పుడు హాలంతా ఆశ్చర్యపోయింది, సైడర్‌తో సహా. డిఫెన్స్‌మన్‌కు పాయింట్లు అసలు కొలతే కాదు. ఆ వయసులో ఛాంపియన్ జట్టు కోచ్ అతన్ని నమ్మి మంచు మీదికి పంపుతున్నాడా అన్నదే కొలత. సైడర్ 2022లో కాల్డర్ గెలిచాడు.

అసలు అంకెలే లేని ఏడాది కూడా ఉంటుంది. 2020-21లో కోవిడ్ వల్ల అంటారియో లీగు ఆడనే లేదు. 2021 డ్రాఫ్టులో డెట్రాయిట్ డల్లాస్‌తో బేరం చేసి 23వ ఎంపిక నుంచి 15వ దానికి ఎక్కి గోలీ సెబాస్టియన్ కోసాను తీసుకుంది. చేతికొచ్చిన 23తో డల్లాస్ తీసుకున్నది వయాట్ జాన్‌స్టన్‌ను. మరుసటి ఏడాదే అతను అంటారియో లీగులో విండ్సర్‌కు 124 పాయింట్లు చేశాడు. అంకెలు తక్కువున్నప్పుడు సంభావ్యతను తగ్గించాలి తప్ప గరిష్ఠ స్థాయిని తగ్గించకూడదని ఈ ఒక్క డ్రాఫ్ట్ చూస్తే తెలుస్తుంది.

వీడియోకి వచ్చేసరికి హైలైట్స్ పనికిరావు. ఒక్కో ఆటగాడికి కనీసం మూడు పూర్తి ఆటలు చూడాలి: అక్టోబర్‌లో ఒకటి, జనవరిలో ఒకటి, ప్లేఆఫ్స్‌లో ఒకటి. వాటిలో ఒకటైనా బలమైన జట్టు మీద, వాళ్ల ఊళ్లో ఆడినదై ఉండాలి. ఒక షిఫ్ట్, అంటే ఆటగాడు ఒకసారి మంచు మీదికి వెళ్లి ఉండే సమయం, 45 సెకన్ల దాకా ఉంటుంది, ఆటకు ఇరవై పాతిక షిఫ్టులు. పక్ ఎటు పోయినా కన్ను అతని మీదే ఉంచి, షిఫ్టుకో గీత చొప్పున కాగితం మీద పెట్టుకోవాలి. ఫార్వర్డ్ అయితే ఎదుటి నీలి గీతను (ఎదుటి జట్టు జోన్ మొదలయ్యే చోటు) పక్‌తో దాటాడా, లేక పక్‌ను ముందుకు విసిరేసి పరిగెత్తాడా? డిఫెన్స్‌మన్ అయితే మూలలో పక్ కోసం వెళ్లేముందు భుజం మీదుగా వెనక్కి చూశాడా? ఆ చూపు లేనివాడు జూనియర్‌లో కాలి వేగంతో నెట్టుకొస్తాడు. పైకి వెళ్లాక ఢీకొట్టేవాడు అర సెకను ముందే వస్తాడు, అక్కడ పట్టుబడతాడు. పది సార్లు వెనక్కి వెళ్లి పక్ తీసుకుంటే ఆరు సార్లైనా పక్ సొంత జట్టు దగ్గరే ఉండి జోన్ దాటితే నాకు సమ్మతం.

స్కేటింగ్‌లో గరిష్ఠ వేగం చూసి మురిసిపోవద్దు. నిలబడ్డ చోటి నుంచి మొదటి మూడు అడుగులు చూడండి, వెనక్కి జారుతూ ముందుకు తిరిగేటప్పుడు వేగం పోతోందా చూడండి. యూరప్‌లో చాలా రింకుల వెడల్పు 30 మీటర్ల దాకా ఉంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో 26 మీటర్లకు కాస్త తక్కువ. అక్కడ గోడ పక్కన వింగర్‌కు దొరికే ఖాళీ ఇక్కడ దొరకదు. కాబట్టి స్వీడన్ వీడియోలో ఇద్దరు మీద పడ్డప్పుడు ఏం చేశాడన్న షిఫ్టులను వేరుగా లెక్కపెట్టుకుంటాను.

టీవీ కెమెరా పక్ వెంటే తిరుగుతుంది, పక్ లేనప్పుడు మన కుర్రాడేం చేస్తున్నాడో చూపించదు. అందుకే నేరుగా చూడటం అవసరం. మిషిగన్‌లో ఉండే మన తెలుగువాళ్లకు ఈ విషయంలో కొదవ లేదు. గ్రాండ్ రాపిడ్స్‌లో రెడ్ వింగ్స్ రెండో జట్టు గ్రిఫిన్స్, శాగినా, ఫ్లింట్‌లలో అంటారియో లీగు జట్లు, నోవై, కాంటన్‌ల పక్కనే ప్లిమత్‌లో అమెరికా జాతీయ అభివృద్ధి జట్టు. నది అవతల విండ్సర్ ఎంత దగ్గరగా కనబడినా, భారత పాస్‌పోర్టు మీద హెచ్‌1బీలో ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. టికెట్ కొనేముందు అది చూసుకోండి. మంచుకు దగ్గరి సీట్లలో డబ్బు పోయడం దండగ, ఎత్తున మూల సీటులో కూర్చుంటే జట్టు మొత్తం అమరిక కనబడుతుంది.

డిసెంబర్ చివర వచ్చే ప్రపంచ జూనియర్ పోటీలు చూసి వరుస మార్చే అలవాటు చాలామందికి ఉంది. ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకూ అది ఏడాటలే. బలహీన జట్ల మీద ఒక్క రాత్రిలో ఐదు పాయింట్లు రావచ్చు. ఆ పోటీ నుంచి నేను తీసుకునేది ఒక్కటే: గట్టి ఆటలో, గోల్ ఆధిక్యం కాపాడాల్సిన చివరి నిమిషాల్లో కోచ్ ఎవర్ని పంపాడో.

వరుస పెట్టేటప్పుడు ఒక్కొక్కరికి రెండు విషయాలు వేరుగా రాస్తాను. అంతా కలిసొస్తే ఏ స్థాయి అన్నది ఒకటి, అక్కడికి చేరే అవకాశం ఎంత శాతం అన్నది రెండోది. మూడో జోడీ డిఫెన్స్‌మన్ 60 శాతం, మొదటి వరుస వింగర్ 15 శాతం. వీళ్లిద్దర్నీ ఒకే అంకెలోకి కుదిస్తే ఇద్దరి గురించీ అబద్ధం చెప్పినట్టే. అందుకే ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేయకుండా మెట్లుగా విడదీస్తాను. ఎన్నో ఎంపికగా తీసుకున్నారన్న గడిని రెండేళ్ల తర్వాత దాచేస్తాను. తర్వాత పెద్ద ఆటగాళ్లైన ఇద్దర్ని ఇదే జట్టు ఎంత చివర్లో తీసుకుందో చూడండి: పావెల్ దత్‌సూక్‌ను 1998లో 171వ ఎంపికగా, హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను 1999లో 210వ ఎంపికగా తీసుకుంది. మొదటి రౌండ్ కుర్రాడికి ఆడకపోయినా నాలుగు అవకాశాలు వస్తాయి. ఆరో రౌండ్ వాడికి ఒకటి వస్తే గొప్ప. ఆ తేడాను శాతంలో కలపాలి తప్ప స్థాయిలో కలపకూడదు.

గోలీల పట్టిక పూర్తిగా వేరు. వాళ్లు ఆలస్యంగా ముదురుతారు, జట్టుకు చోటేమో రెండే. కోసా మొదటి రౌండ్ ఎంపికైనా టొలీడోలో మూడో అంచె లీగులో ఓ సీజన్ ఆడి, ఆ తర్వాత గ్రిఫిన్స్‌కు చేరాడు. గోలీల విషయంలో అది వెనకబాటు కాదు, మామూలు దారి. 2019లో 217 మందిలో 214వ వాడైన డస్టిన్ వుల్ఫ్ అమెరికన్ లీగులో వరుసగా రెండేళ్లు ఉత్తమ గోలీ అయ్యాడు. ఒక సీజన్ సేవ్ శాతం (ఆపిన షాట్ల శాతం) చూసి గోలీని పైకో కిందికో జరపను. రెండు పూర్తి సీజన్ల అంకెలు ఉండాలి, వాటినీ అదే జట్టులో ఆడిన రెండో గోలీ శాతంతో పోల్చాలి. వీడియోలో చూసేవి రెండు: షాట్ వెలువడే క్షణానికి కాళ్లు నిలకడగా ఉన్నాయా, ఆపిన పక్ మూలకు పోతోందా లేక ఎదురుగా పడుతోందా. ఈ రెండూ బాగుండి శాతం తక్కువున్న గోలీని ఫిబ్రవరిలో కిందికి దించను, జూలై దాకా అక్కడే ఉంచుతాను.