తెల్ల పాస్‌పోర్టు, తెలియని కార్డు

షంషాబాద్ విమానాశ్రయంలో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. ట్రాలీ మీద ఆరు పెట్టెలు, వాటికి ఆనుకుని తూలుతున్న ఏడేళ్ల మా అబ్బాయి, పక్కన విసుగు ఏమాత్రం దాచుకోని పన్నెండేళ్ల మా అమ్మాయి. కౌంటర్‌లోని కుర్రాడు మా మూడు పాస్‌పోర్టుల్లో ప్రతి పేజీ రెండుసార్లు తిప్పి చూసి, "మేడమ్, వీసా గడువు అయిపోయింది కదా" అన్నాడు. అయిపోయిన మాట నిజమే. నెలల కిందటే అయిపోయింది.

"మాకు వీసా అక్కర్లేదండీ" అన్నాను. ఆ మాట ఎంత అనుమానం పుట్టిస్తుందో అన్న తరువాతే తెలిసింది.

మావారు విదేశాంగ శాఖ ఉద్యోగి. బెర్లిన్‌లోని మన రాయబార కార్యాలయానికి మూడేళ్ల బదిలీ వచ్చింది. ఆ కబురు వినగానే రాజమండ్రిలోని మా చుట్టాలందరికీ జెండా కట్టిన నల్లకారు కళ్ల ముందు మెదిలింది. మాకు దక్కింది తెల్ల పాస్‌పోర్టు. మన దేశంలో మామూలు పౌరులకు ముదురు నీలం, దౌత్యాధికారులకు మెరూన్, ప్రభుత్వ పని మీద వెళ్లే మిగతా సిబ్బందికి, వారి కుటుంబాలకు తెలుపు. ఢిల్లీలోని పాటియాలా హౌస్‌లో అది చేతికి రావాలంటే ముందు నీలం పాస్‌పోర్టు అప్పగించాలి. నేను అప్పటికి పదకొండేళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఆ నీలం పాస్‌పోర్టు నా జీతంతో తీయించుకున్నది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన వారంలోనే దాన్నీ ఇచ్చేశాను.

బెర్లిన్‌లో మొదటి నెలంతా ఒకటే ప్రశ్న. మా వీధిలోని తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కాఫీ ఇవ్వక ముందే అడిగేవి: "ఆన్‌మెల్డుంగ్ అయిందా?" అంటే చిరునామా నమోదు. జర్మనీలో ఇల్లు మారినవారు స్థానిక కార్యాలయానికి వెళ్లి అది చేయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే బ్యాంకు నుంచి ఇంటర్నెట్ దాకా ఏ పనీ కదలదని వాళ్ల అనుభవం. మాకు ఆ కాగితం లేదు, రాదు కూడా. రాయబార కార్యాలయాల సిబ్బందికి, కుటుంబాలకు జర్మనీ విదేశాంగ శాఖే 'ప్రొటోకోలాఉస్‌వైస్' అనే కార్డు ఇస్తుంది. నివాస అనుమతి బదులు అదే. దానికి మేము దరఖాస్తు పెట్టుకోవడం కూడా ఉండదు. మా కార్యాలయమే 'నోట్ వెర్బాల్' పంపుతుంది. ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి మూడో మనిషి గురించి చెబుతున్నట్టుగా, ముందు గౌరవ నమస్కారాలు తెలుపుకుని రాసే ఉత్తరం అది. మా అబ్బాయి పాలపళ్ల నవ్వు ఫోటో కోసం రెండు దేశాలు నమస్కారాలు చెప్పుకున్నాయని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

కార్డు వచ్చింది. దాన్ని గుర్తుపట్టేవారు మాత్రం దొరకలేదు. ఫోను దుకాణంలో అమ్మాయి దాన్ని వెలుతురుకు పట్టి చూసి, లోపలికి తీసుకెళ్లి, తిరిగి తెచ్చి, క్షమించమంది. తెలిసినవాళ్లకు చూపిస్తే "ఓ, మీదీ బ్లూ కార్డేనా?" అనేవారు. అది ఐరోపాలో పనిచేసే నిపుణులకు ఇచ్చేదని, మాది వేరని ఎన్నిసార్లు చెప్పానో! మూడో నెలకు చెప్పడం మానేశాను.

వేసవి సెలవులకు పిల్లలతో ఇండియా వచ్చాను. మావారికి సెలవు దొరకలేదు. తిరుగు ప్రయాణంలో మా అమ్మ ఆవకాయ జాడీ కడుతూ, "మీ సామాను తెరవరట కదే!" అంది. దౌత్య సంబంధాల మీద దేశాలు చేసుకున్న 1961 వియన్నా ఒప్పందంలో సామాను గురించి ఉన్న మాటలు దౌత్యాధికారులకు వర్తించేవి. మా స్థాయి వారికి సుంకం మినహాయింపు మొదటిసారి కాపురం పెట్టేటప్పుడు తెచ్చుకునే వస్తువులకే. ఇక ఎక్స్‌రే యంత్రం ఎవరి హోదా అడగదు. ఇదంతా చెప్పినా అమ్మ నమ్మలేదు. మరో కిలో మాగాయ పెట్టింది.

కౌంటర్ దగ్గరికి వస్తాను. నేను మూడు కార్డులు వరుసగా పేర్చాను. మీద ఉన్నది జర్మన్ భాష. కుర్రాడు మేనేజరును పిలిచాడు. ఆయన కార్డులు చూడకుండానే అడిగిన మొదటి మాట: "సార్ ఎక్కడున్నారు?"

బెర్లిన్‌లో.

"సార్‌తో ఒకసారి మాట్లాడించండి."

అక్కడ రాత్రి పది. మావారు ఫోనులో చెప్పింది నేను అప్పటికే రెండుసార్లు చెప్పిన విషయమే. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టుతో పాటు ఈ కార్డు ఉంటే వీసా లేకుండా జర్మనీలోకి వెళ్లవచ్చు. ఆయన గొంతులో వినగానే ఆ వాక్యానికి బరువు వచ్చినట్టుంది. మేనేజరు కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. విమాన సంస్థలు ప్రయాణ పత్రాల నిబంధనలు చూసుకునే టిమాటిక్ అనే వ్యవస్థ ఒకటి ఉంది. అందులో ఆయన వీసాల భాగమే తిరగేస్తున్నాడు. "వీసా కింద కాదండీ, విదేశాంగ శాఖ ఇచ్చే గుర్తింపు కార్డుల కింద చూడండి" అన్నాను. కాసేపటికి కనిపించింది. నలభై నిమిషాలు పట్టింది. మా వెనుక వరుసలో ఎవరూ మిగల్లేదు.

ఆయన జాగ్రత్తను తప్పుపట్టను. సరైన పత్రాలు లేనివారిని తీసుకెళ్తే విమాన సంస్థ జరిమానా కట్టాలి, వెనక్కి తెచ్చే ఖర్చూ దానిదే. ఆలస్యం ఒక్కటే అయితే మరిచిపోయేదాన్ని. "సార్‌తో మాట్లాడించండి" మాత్రం గల్ఫ్‌లో విమానం మారేదాకా నమిలాను. నీలం పాస్‌పోర్టు ఇచ్చేసినప్పుడు కూడా అంత అనిపించలేదు.

బెర్లిన్‌లో దిగాక ఇమిగ్రేషన్ అధికారి కార్డులు చూసి, మా అబ్బాయి వంక నవ్వి, అర నిమిషంలో పంపించేశాడు.

మరుసటి ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉన్న వేళ కూర్చుని ఒక ఫైలు తయారుచేశాను. కార్డుకు రెండు వైపులా నకళ్లు, వాటి ఇంగ్లీషు అనువాదం, టిమాటిక్‌లో ఎక్కడ వెతకాలో పెద్ద అక్షరాల్లో ఒక వరుస. మా కార్యాలయం నుంచి నా పేరు మీద ఒక ఉత్తరం కూడా అడిగాను. మావారి పేరు మీద ఇస్తామన్నారు. ప్రయాణం చేసేది నేను కదా అన్నాను. రెండు వారాలకు ఇచ్చారు.

మరుసటి వేసవిలో అదే విమానాశ్రయంలో కౌంటర్‌లోని అమ్మాయి పాస్‌పోర్టు తెరవక ముందే ఫైలు ముందుకు జరిపాను. ఎనిమిది నిమిషాలు. తరువాత కొత్తగా బదిలీపై వచ్చిన రెండు కుటుంబాలు ఆ ఫైలుకు నకళ్లు తీసుకున్నాయి.

బదిలీ ముగిసేటప్పుడు కార్డులు తిరిగి ఇచ్చేశాం. ఫైలు ఎవరూ అడగలేదు. అది ఇప్పుడు మా ఇంటి బీరువాలో ఉంది, పై కాగితం మీద మాగాయ నూనె మరకతో.