రైల్వే గ్రూప్ డి ఉద్యోగం కొట్టాను: బ్రోమిన్ దగ్గర ఆగిపోయిన నాలుగేళ్ళు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ప్యానెల్‌లో, అంటే ఎంపికైనవాళ్ళ జాబితాలో, నా నంబరు చూసుకుని రెండు రోజులైంది. నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ పీడీఎఫ్ చూపిస్తూనే ఉన్నారు. సిలబస్ మీకు తెలిసిందే, ఒక్క సంగతి మాత్రం చెబుతాను.

2018 పరీక్షలో ఒక్క మార్కు కూడా లేని తేడాతో పోయింది. పోగొట్టిన ప్రశ్న ఇది: గది ఉష్ణోగ్రత దగ్గర వాయువు కానిది ఏది? ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, జినాన్. మొదటి మూడూ హాలోజన్లు (17వ గ్రూపు మూలకాలు), అవన్నీ వాయువులే అనుకుని జినాన్ పెట్టాను. సరైన జవాబు బ్రోమిన్. రావాల్సిన మార్కు రాలేదు సరికదా, మూడో వంతు నెగెటివ్ కూడా పడింది. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. జినాన్ లాంటి 18వ గ్రూపు వాయువులు, బడిలో ‘నిష్క్రియ’ అని చదివినవే, పాతపట్నంలో కొన్న పుస్తకంలో ‘జడ వాయువులు’ అయ్యాయి. రెండుసార్లూ పేర్లే బట్టీ పట్టాను, పట్టికలో అవెక్కడున్నాయో చూడలేదు.

మళ్ళీ పరీక్ష 2022లో గానీ జరగలేదు. ఈలోగా పాత క్యాలెండర్ వెనక ఆవర్తన పట్టిక గీసి, వాయువుల గళ్ళకు మాత్రం రంగు వేశాను. మొత్తం 11. ఎడమవైపు పైన హైడ్రోజన్ ఒక్కటే. మిగతావన్నీ కుడివైపే: రెండో పీరియడ్‌లో (అడ్డు వరుసలో) నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, ఫ్లోరిన్ కింద క్లోరిన్, ఆ చివర 18వ గ్రూపులో హీలియం నుంచి రేడాన్ దాకా ఆరు. క్లోరిన్ కింద రంగు ఎందుకు ఆగిపోయిందా అని చూస్తే అప్పుడు వెలిగింది. 17వ గ్రూపులో కిందికి దిగేకొద్దీ అణువులు పెద్దవై ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. అందుకే బ్రోమిన్ ద్రవం, అయోడిన్ ఘనం. పక్కనున్న 18వ గ్రూపులో బయటి కక్ష్య ఎలక్ట్రాన్లతో నిండిపోయి ఉంటుంది, పరమాణువులు జతకట్టవు, విడివిడిగానే తిరుగుతాయి. అంత బరువైన రేడాన్ కూడా దాదాపు మైనస్ 62 డిగ్రీలకు చల్లబడితేనే ద్రవమవుతుంది. ఈ గ్రూపులో మిగతావాటికి బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు, హీలియానికి మాత్రం రెండే. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

మ్యాథ్స్, రీజనింగ్ రోజూ ప్రాక్టీస్ చేశాను. పీఈటీలో (శారీరక సామర్థ్య పరీక్షలో) 1000 మీటర్ల పరుగుకు మా ఆడవాళ్ళకు 5 నిమిషాల 40 సెకన్లు ఇస్తారు, నెల ముందు నుంచీ పరుగెత్తితే టెన్షన్ ఉండదు.

చదివేటప్పుడు ఫోన్ దగ్గర పెట్టుకోకండి, దయచేసి. నేను అమ్మ చేతికి ఇచ్చేసేదాన్ని. కోచింగ్ లేదు, పెళ్ళి వద్దంటోంది, నాలుగేళ్ళుగా ఇంట్లో ఊరికే కూర్చుందని బంధువులు అన్నారు. ఊరికే కూర్చోలేదు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి నా గదిలో లైటు వెలిగేది. అది అమ్మకు తెలుసు.