డీఎస్టీ రద్దైతే సర్వర్లలో ఏమేం మార్చాలి: మెక్సికో కేసు

మెక్సికో 2022 అక్టోబర్ 30న డీఎస్టీని (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతిని) అమెరికా సరిహద్దు ప్రాంతాల్లో కొన్ని తప్ప దేశమంతా ఎత్తేసింది. ఆ రాత్రి సర్వర్లలో ఏ తేడా కనబడలేదు. పాత రూల్ ప్రకారమైనా అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి రావాలి, వచ్చింది. తేడా బయటపడింది ఐదు నెలల తర్వాత, 2023 ఏప్రిల్ 2న. పాత టైమ్ జోన్ పట్టిక (ఏ ఊళ్లో గడియారం ఎప్పుడు మారుతుందో చెప్పే జాబితా) మిగిలిపోయిన ఫోన్లు, కంప్యూటర్లు ఆ ఆదివారం తెల్లవారుజామున రెండు కొట్టగానే మూడుకి దూకాయి. దేశం మాత్రం రెండు దగ్గరే ఉంది. పరాగ్వేలోనూ అదే వరస: 2024 అక్టోబర్‌లో ముందుకు జరిపిన గడియారాన్ని ఇక వెనక్కి తిప్పేది లేదని చట్టం చేశారు. పాత పట్టిక ఉన్న యంత్రాలు తప్పింది 2025 మార్చి 23న. అందుకే రూల్ మారిన రోజున "అంతా బానే ఉంది" అని టికెట్ మూసేయకూడదు. పాత రూల్‌కీ కొత్త రూల్‌కీ తేడా వచ్చే మొదటి తేదీ ఏదో ముందు లెక్కగట్టాలి. గడువు అదే.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని మెక్సికో సిటీ క్లయింట్‌ని చూసుకునే టీమ్‌కి దీని అర్థం ఏమిటంటే: అక్కడ ఉదయం 9 అంటే మనకి ఏడాది పొడవునా రాత్రి 8:30. 2022 దాకా వేసవిలో అది 7:30 అయ్యేది. డాలస్ మాత్రం ఇప్పటికీ మారుతూనే ఉంటుంది. డాలస్‌కీ మెక్సికో సిటీకీ ఒకే షిఫ్ట్ షీట్ వాడుతుంటే అది చలికాలంలో మాత్రమే పనికొస్తుంది.

ఎక్కువమంది పొరబడేది ఒక విషయంలో. నెట్‌వర్క్ మీదుగా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ ఉంది కదా, టైమ్ దానంతటదే సర్దుకుంటుందనుకుంటారు. ఎన్‌టీపీ మోసుకొచ్చేది యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) ఒక్కటే. ఏ ఊళ్లో ఎన్ని గంటలో దానికి తెలియదు. ఆ లెక్క యంత్రంలో ఉన్న టైమ్ జోన్ పట్టికది. పట్టిక పాతదై గోడ గడియారం తప్పు చూపిస్తున్నప్పుడు ఎవరో ఒకరు చేత్తో గంట వెనక్కి తిప్పుతారు. దాంతో యూటీసీయే గంట తప్పుతుంది. టైమ్‌ని బట్టి గుర్తింపు సరిచూసే కెర్బరాస్ లాగిన్లు ఆగిపోతాయి (విండోస్ నెట్‌వర్క్ లాగిన్లు చూసే యాక్టివ్ డైరెక్టరీ మామూలుగా ఒప్పుకునే తేడా 5 నిమిషాలే), లాగ్‌లు కలగాపులగమవుతాయి. కాసేపటికి ఎన్‌టీపీ మళ్లీ సరిచేసి తప్పు టైమ్‌నే తెచ్చి పెడుతుంది. గడియారాన్ని ముట్టుకోకండి, పట్టికను మార్చండి.

లైనక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, జావా, దాదాపు అన్నీ వాడే పట్టిక ఒక్కటే. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టాడు, ఇప్పుడు పాల్ ఎగర్ట్ సమన్వయం చేస్తున్నాడు, 2011 నుంచి ఐయానా (ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల నిర్వహణ చూసే సంస్థ) గొడుగు కింద ఉంది. వెర్షన్ పేరు ఏడాదీ ఒక అక్షరమూ: 2022ఈ, 2022ఎఫ్, 2022జీ. మెక్సికో చట్టం గెజిట్‌లో అచ్చయింది అక్టోబర్ 28, శుక్రవారం. ఆదివారం నుంచి అమలు. పట్టికలో ఆ మార్పు వచ్చింది 2022ఎఫ్‌లో. ఇంత తక్కువ వ్యవధి ఇవ్వడం ప్రభుత్వాలకి కొత్త కాదు. 2023 మార్చిలో లెబనాన్ గడియారం మార్పును ఆఖరి నిమిషంలో వాయిదా వేసి, నాలుగైదు రోజుల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. 2023బీ వాయిదాను చేర్చింది, 2023సీ దాన్ని తీసేసింది. బీ ఎక్కించి సీ మరిచిన సర్వర్లు అసలేమీ ఎక్కించని వాటికంటే అధ్వానంగా తేలాయి. ఒకసారి ప్యాచ్ వేశాక వారం పాటు కొత్త వెర్షన్ వచ్చిందేమో చూస్తూనే ఉండాలి.

లైనక్స్‌లో ముందు ఏ వెర్షన్ ఉందో చూడాలి. ప్యాకేజీ పేరు టీజెడ్‌డేటా. పట్టిక ఫైళ్లుండే జోన్‌ఇన్ఫో డైరెక్టరీలో టీజెడ్‌డేటా డాట్ జెడ్‌ఐ అనే ఫైలుంటే దాని మొదటి వరసలోనే వెర్షన్ రాసి ఉంటుంది. కానీ వెర్షన్ నంబర్‌ని నమ్మి ఊరుకోవద్దు, లెక్క చేయించి చూడండి. టీజెడ్ వేరియబుల్‌కి అమెరికా/మెక్సికో_సిటీ అని ఇచ్చి, రాబోయే జులై 1న యూటీసీ మధ్యాహ్నం 12 ఎంతవుతుందో డేట్ కమాండ్‌ని అడగండి. ఉదయం 6 వస్తే పట్టిక కొత్తది, 7 వస్తే పాతది. జెడ్‌డంప్ కమాండ్‌కి మైనస్ వీ ఇచ్చి అదే జోన్ అడిగితే మార్పుల తేదీలన్నీ వరసగా వస్తాయి. కొత్త పట్టికలో 2022 అక్టోబర్ 30 తర్వాత ఇంకే మార్పూ కనబడకూడదు.

అప్‌డేట్ చేయడం తేలిక. డెబియన్, ఉబుంటుల్లో ఆప్ట్‌తో, రెడ్ హ్యాట్ తరహావాటిలో డీఎన్‌ఎఫ్‌తో ఆ ఒక్క ప్యాకేజీనే తాజా చేయొచ్చు. కెర్నల్ మారదు, రీబూట్ అక్కర్లేదు. ఎక్కడ తప్పుతుందంటే: ఈటీసీలోని లోకల్‌టైమ్ ఫైలు జోన్‌ఇన్ఫోకి లింకుగా ఉండాలి. పాత యంత్రాల్లో చాలాసార్లు ఎవరో దాన్ని కాపీ చేసి పెట్టి ఉంటారు. ప్యాకేజీ మారినా ఆ కాపీ పాతదిగానే ఉండిపోవచ్చు. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టి బాణం గుర్తు ఉందో లేదో చూడండి. క్రూట్ (ఒక్క ఫోల్డర్‌కే పరిమితం చేసే ఏర్పాటు) లోపల నడిచే సర్వీసులకి తమ సొంత కాపీ ఉంటుంది. ఇక ఎప్పట్నించో నడుస్తున్న ప్రోగ్రాములు మొదలైనప్పుడు చదివిన పట్టికనే మెమరీలో పట్టుకుని ఉంటాయి. క్రాన్, సిస్‌లాగ్, అప్లికేషన్ సర్వర్లు, మెయిల్ సర్వర్ అన్నిటినీ రీస్టార్ట్ చేయాల్సిందే.

జోన్ పేరు కూడా సరిచూడండి. మెక్సికో యంత్రాలకి యూఎస్/సెంట్రల్ అనో సీఎస్టీ6సీడీటీ అనో పెట్టి ఉంటారు, అమెరికా సర్వర్ ఇమేజ్‌నే క్లోన్ చేసి ఉంటే మరీను. అవి అమెరికా రూల్‌తో నడుస్తాయి. టీజెడ్‌డేటా ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా మెక్సికో టైమ్ రాదు. పైగా ఉబుంటు 24.04లో యూఎస్/సెంట్రల్ లాంటి పాత పేర్లను టీజెడ్‌డేటా లెగసీ అనే వేరే ప్యాకేజీలోకి మార్చారు. అది లేకపోతే పేరు దొరక్క, ఎర్రర్ కూడా చెప్పకుండా యూటీసీ చూపిస్తుంది. ఆల్పైన్ కంటైనర్లలోనూ ఇదే బాధ: టీజెడ్ వేరియబుల్ ఇచ్చి ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయకపోతే నోరు మెదపకుండా యూటీసీలో నడుస్తుంది. కంటైనర్ల విషయంలో ఇంకోటి, హోస్ట్‌ని అప్‌డేట్ చేస్తే లోపలి పట్టిక మారదు. ఇమేజ్‌ని మళ్లీ బిల్డ్ చేయాలి, అదీ క్యాష్ వాడకుండా.

సపోర్ట్ అయిపోయిన పాత లైనక్స్‌కి ప్యాకేజీ రాదు. అప్పుడు ఐయానా నుంచి పట్టిక మూలం తెచ్చుకుని జిక్ అనే కంపైలర్‌తో ఫైళ్లు తయారుచేసుకోవాలి. ఇక్కడొక గుంట ఉంది. 2020బీ నుంచి జిక్ మామూలుగా స్లిమ్ ఫైళ్లు ఇస్తుంది. వాటిలో 32 బిట్ భాగం ఖాళీ, భవిష్యత్తు రూల్ చివర్న ఒక్క వరసలో ఉంటుంది. పాత లైబ్రరీలు ఆ వరస చదవలేవు. అవి నడవాలంటే మైనస్ బీ ఫ్యాట్ అని చెప్పి పాత తరహా ఫైళ్లే తయారుచేయాలి. ముందు వేరే డైరెక్టరీలో తయారుచేసి, జెడ్‌డంప్‌తో చూసి, ఆ తర్వాతే అసలు చోట పెట్టండి.

ఆపరేటింగ్ సిస్టమ్ అయిపోయింది కదా అని లేవబోతే సగం పని మిగిలే ఉంది. ఒక కంప్యూటర్‌లో టైమ్ జోన్ పట్టిక ఒక్కటే ఉండదు.

జావా తన పట్టికను టీజెడ్‌డీబీ డాట్ డ్యాట్ అనే ఫైల్లో తనే పెట్టుకుంటుంది. జావా అప్‌డేట్ వేయాలి, కుదరకపోతే ఓరకిల్ ఇచ్చే టీజెడ్‌అప్‌డేటర్ నడపాలి. ఒక్కో సర్వర్‌లో మూడు నాలుగు జావాలుంటాయి, అప్లికేషన్‌తో పాటు వచ్చి దాని ఫోల్డర్‌లోనే దాక్కున్నవి కూడా. ఆ ఫైలు పేరుతో డిస్క్ అంతా వెతికితేనే లెక్క తేలుతుంది. నడుస్తున్న ప్రతి జావానీ (జేవీఎం) రీస్టార్ట్ చేయాలి. నోడ్ జేఎస్‌లో పట్టిక ఐసీయూ అనే లైబ్రరీతో పాటు లోపలే ఉంటుంది, ప్రాసెస్ వెర్షన్స్‌లో టీజెడ్ అని అడిగితే నంబర్ చెబుతుంది. పైథాన్‌లో పైటీజెడ్ వాడే పాత కోడ్‌కి ఆ లైబ్రరీనే అప్‌డేట్ చేయాలి. పీహెచ్‌పీ కూడా సొంత పట్టికతోనే వస్తుంది.

డేటాబేస్ సర్వర్ మైసీక్వెల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సర్వర్ జోన్ సిస్టమ్ అని ఉంటే అది ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడుగుతుంది. కన్వర్ట్‌టీజెడ్ ఫంక్షన్‌కి ఊరి పేరు ఇస్తే మాత్రం తన లోపల మైసీక్వెల్ అనే పేరుతోనే ఉండే డేటాబేస్‌లోని టైమ్ జోన్ టేబుళ్లలో చూస్తుంది. అవి మొదట ఖాళీగా ఉంటాయి, అప్పుడు జవాబు నల్ (ఖాళీ) వస్తుంది. ఎప్పుడో ఒకసారి నింపి ఉంటే నింపిన నాటి రూల్సే ఉంటాయి. కాబట్టి టీజెడ్‌డేటా అప్‌డేట్ చేశాక మైసీక్వెల్ టీజెడ్‌ఇన్ఫో టు సీక్వెల్ అనే టూల్‌ని జోన్‌ఇన్ఫో మీద నడిపి, ఫలితాన్ని మళ్లీ లోడ్ చేసి, సర్వర్‌ని రీస్టార్ట్ చేయాలి. మరో డేటాబేస్ సర్వర్ పోస్ట్‌గ్రెస్ లైనక్స్ డిస్ట్రో ప్యాకేజీగా వస్తే సాధారణంగా సిస్టమ్ పట్టికనే వాడుతుంది. సోర్స్ నుంచి బిల్డ్ చేసినదైతే సొంత కాపీ ఉంటుంది.

విండోస్ దారి వేరు. దాని పట్టిక రిజిస్ట్రీలో ఉంటుంది, నెలవారీ అప్‌డేట్లతో మారుతుంది. మెక్సికో సిటీ జోన్ పేరు సెంట్రల్ స్టాండర్డ్ టైమ్, పక్కన మెక్సికో అని. అప్‌డేట్ అయ్యాక కొత్త పవర్‌షెల్ విండో తెరిచి (పాతది పాత పట్టికనే గుర్తుంచుకుంటుంది) టైమ్‌జోన్‌ఇన్ఫోతో అదే జులై 1 పరీక్ష చేయండి. అప్‌డేట్ రాని పాత విండోస్‌లో తాత్కాలికంగా ఆటోమేటిక్ డీఎస్టీ టిక్ తీసేయొచ్చు. వంద యంత్రాలుంటే టీజెడ్‌యుటిల్ కమాండ్‌కి జోన్ పేరు చివర అండర్‌స్కోర్ డీఎస్టీఆఫ్ తగిలించి స్క్రిప్ట్‌తో నడపొచ్చు. నష్టం ఏమిటంటే 2022 దాకా ఉన్న వేసవి తేదీలన్నీ గంట తేడాగా కనబడతాయి. పాత బిల్లులు, హాజరు రికార్డులు చూసే యంత్రాల్లో ఈ చిట్కా వద్దు. ఫోన్లలో కోస్టారికా జోన్ (అదే టైమ్, డీఎస్టీ లేదు) పెట్టుకోవడం కూడా ఇలాంటిదే.

గతం తేదీలు చెడడం 2007లో అమెరికా పెద్ద ఎత్తున చూసింది. 2005 చట్టంతో డీఎస్టీ ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారానికి జరిగింది. ముగింపు అక్టోబర్ చివరి ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారానికి. విండోస్ ఎక్స్‌పీలో జోన్‌కి ఒకే రూల్‌కి చోటుండేది. ప్యాచ్ వేయగానే 2006 మార్చి తేదీలకూ కొత్త రూలే వర్తించేది. ఏడాదికో రూల్ పెట్టుకునే ఏర్పాటు విస్టాతో వచ్చింది.

రూల్ కాక జోన్ పేరే మారే సందర్భం ఇంకా చిక్కు. సరిహద్దులో ఉన్న సియుడాడ్ హువారెస్ పట్టికలో ఒహినాగా జోన్ కింద ఉండేది. 2022 నవంబర్ 30న హువారెస్ అమెరికా మౌంటెన్ టైమ్‌కి, ఒహినాగా సెంట్రల్ టైమ్‌కి వెళ్లిపోయాయి. 2022జీలో హువారెస్‌కి కొత్త పేరు వచ్చింది. హువారెస్ ఫ్యాక్టరీ సర్వర్‌లో ప్యాకేజీ ఎంత తాజాదైనా, జోన్ ఒహినాగా అని ఉన్నంతకాలం టైమ్ గంట తప్పే. అక్కడ మార్చాల్సింది సెట్టింగ్. యూజర్ ప్రొఫైళ్లలో ఊరిని బట్టి జోన్ పేరు దాచిన టేబుళ్లుంటే వాటినీ మార్చాలి.

రౌటర్లు, కెమెరా రికార్డర్లు, హాజరు మెషీన్లలో పట్టికే ఉండదు, ఒక్క వరస ఉంటుంది: సీఎస్టీ6సీడీటీ,ఎం4.1.0,ఎం10.5.0. నాలుగో నెల, మొదటి వారం, ఆదివారం (0) మొదలు. పదో నెల, చివరి వారం (5), ఆదివారం ముగింపు. దీన్ని సీఎస్టీ6 అని కుదించేస్తే చాలు. ఈ తరహా రాతలో గ్రీనిచ్‌కి పడమర ఉన్నవి ప్లస్, తూర్పువి మైనస్. మైనస్ 6 అని రాస్తే 12 గంటలు తేడా వస్తుంది.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది ముందే నమోదైన అపాయింట్‌మెంట్ల దగ్గర. 2022 సెప్టెంబర్‌లో ఒకరు 2023 మే 15న మెక్సికో సిటీ టైమ్ ఉదయం 10కి మీటింగ్ పెట్టారనుకుందాం. అప్పటి రూల్ ప్రకారం అది యూటీసీ 15 గంటలుగా దాచబడింది. పట్టిక సరిచేశాక అదే రికార్డు ఉదయం 9 అని చూపిస్తుంది. ప్యాచ్ వల్లే చెడిందని అందరూ అంటారు. నిజానికి పట్టిక ఇప్పుడు సరైనదే, దాచిన అంకె పాత లెక్కది. దానికి గంట కలిపి 16 చేయాలి. అయితే అన్నిటికీ కాదు. ఆ అప్లికేషన్‌కి ప్యాచ్ పడకముందు నమోదైనవి (చట్టం వచ్చిన తేదీ కాదు), పాత రూల్ వేసవిలో పడేవి (2023లో ఏప్రిల్ 2 నుంచి అక్టోబర్ 29 వరకు), మెక్సికో టైమ్‌ని బట్టి నిర్ణయించినవి మాత్రమే. హైదరాబాద్ వాళ్లు మన రాత్రి 7:30కి పెట్టిన కాల్‌లో యూటీసీ సరిగ్గానే ఉంది, దాన్ని కదిపితే మన టైమ్ చెడుతుంది. స్థానిక టైమూ జోన్ పేరూ కలిపి దాచిన రికార్డులు, రిపీట్ మీటింగులు తమంతట తామే సర్దుకుంటాయి, వాటినీ వదిలేయాలి. సరిచేసిన ప్రతి వరసకీ వేరే కాలమ్‌లో గుర్తు పెట్టండి, స్క్రిప్ట్ రెండోసారి నడిచినా మళ్లీ గంట కలవకుండా. సరిచేయక ముందు తీసిన బ్యాకప్‌ని ఎప్పుడైనా రీస్టోర్ చేస్తే ఆ గుర్తులూ పోతాయి, పాత అంకెలూ తిరిగొస్తాయి. కాబట్టి స్క్రిప్ట్‌ని రీస్టోర్ సూచనల పక్కనే ఉంచండి.