అలాస్కా మూస్ వేటకు ఏ రైఫిల్, ఏ తూటా?

అలాస్కాకు మూస్ (జింక జాతిలోకెల్లా పెద్ద జంతువు) వేటకు వెళ్లాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "300 విన్‌మ్యాగ్ కొనాలా, 338 కొనాలా?" అని, అంటే ఏ రకం తూటా పేల్చే రైఫిల్ కొనాలని. నిజానికి అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ముందు చూడాల్సింది బుల్లెట్ (తూటా కొసన ఉండి, జంతువుకు తగిలే గుండు) తయారీ. ఆ తర్వాత, పేల్చినప్పుడు తుపాకీ భుజాన్ని ఎంత గట్టిగా తన్నుతుంది, ఆ తన్నుకు మీ వేలు బెదురుతుందా లేదా అన్నది. ఈ రెండూ తేలితే క్యాలిబర్ (తూటా సైజు) ఎంపిక సగం తేలినట్టే.

జంతువు సంగతి కాస్త తెలుసుకుందాం. అలాస్కాలో బాగా ఎదిగిన మగ మూస్ 1,600 పౌండ్ల దాకా, అంటే సుమారు 725 కిలోలు తూగుతుంది. మన ముర్రా దున్నపోతును పక్కన నిలబెడితే దున్నపోతే చిన్నదిగా కనిపిస్తుంది. ఊపిరితిత్తులు పెద్దవి కాబట్టి గురి కష్టం కాదు. పక్కకు తిరిగి నిలబడి ఉంటే ముందుకాలు వెనక అంచు వెంబడి పైకి వచ్చి, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కొట్టాలి. చిక్కంతా భుజం ఎముక, దాని మీది కండ, బురద పట్టిన దట్టమైన చర్మం అడ్డొచ్చినప్పుడే.

ఊపిరితిత్తుల్లోంచి బుల్లెట్ దూసుకుపోయినా మూస్ చాలాసార్లు ఏమీ జరగనట్టే నిలబడి ఉంటుంది. తర్వాత నాలుగడుగులు వేసి కూలుతుంది. కొత్తవాళ్లు గురి తప్పిందనుకుని తలకో మెడకో గురి మారుస్తారు. అది తప్పు. బోల్టు (తూటాను బ్యారెల్లోకి తోసే లోహపు కడ్డీ) లాగి, ఇంకో తూటా ఎక్కించి, మళ్లీ అదే చోట కొట్టాలి. పడేదాకా ఆపకూడదు. చెరువు ఒడ్డునో బురదగుంటలోనో నిలబడి ఉంటే మాత్రం ట్రిగ్గర్ మీద వేలే పెట్టొద్దు. పెద్ద మగ మూస్ నుంచి 500 పౌండ్ల దాకా మాంసం వస్తుంది. తినదగిన మాంసాన్ని వదిలేసి రావడం అలాస్కాలో నేరం. నడుంలోతు చల్లనీళ్లలో దాన్ని కోసి ఒడ్డుకు చేర్చడం ఎంత నరకమో మాటల్లో చెప్పలేం.

ఇక బుల్లెట్. 1946లో బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు కొట్టిన బుల్లెట్లు మూస్ లోపలికి పోకుండా పైపైనే చిట్లిపోయాయి. ఆ విసుగులోంచి పుట్టిందే నోస్లర్ పార్టిషన్. మామూలు బుల్లెట్లో సీసం మీద పల్చని రాగి తొడుగు ఉంటుంది. దగ్గర్నుంచి, ఎక్కువ వేగంతో, గట్టి ఎముకకు తగిలితే తొడుగు చీలి సీసం ముక్కలైపోతుంది, లోతుకు వెళ్లదు. పార్టిషన్‌లో తొడుగు మధ్యలోనే రాగి అడ్డుగోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకుని గాయం చేస్తుంది, వెనక సగం చెక్కుచెదరకుండా ముందుకు దూసుకుపోతుంది. అడ్డుగోడకు తోడు సీసాన్ని తొడుగుకు అతికించిన స్విఫ్ట్ ఏ-ఫ్రేమ్, పూర్తిగా రాగితోనే చేసిన బార్న్స్ టీఎస్ఎక్స్ కూడా ఇదే పనికి తయారైనవి.

రాగి బుల్లెట్లకు ఒక షరతుంది. తగిలే సమయానికి వేగం సెకనుకు 2,000 అడుగుల దరిదాపుల్లో ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే సరిగా విచ్చుకోదు, సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది. 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకు 2,700 అడుగులతో బయల్దేరితే దాదాపు 350 గజాల దాకా ఈ షరతుకు లోబడే ఉంటుంది. మంచుతుప్పల్లో, స్ప్రూస్ చెట్ల మధ్య జరిగే మూస్ వేటకు అది చాలినంత కన్నా ఎక్కువే. రాగిలో ఇంకో లాభం, మాంసంలో సీసపు తునకలు ఉండవు. ఆ మాంసాన్ని పిల్లలు నెలల తరబడి తినే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. నన్నడిగితే ఈ ఒక్క కారణానికే రాగి వైపు మొగ్గుతాను.

ఇప్పుడు తూటా దగ్గరికి వద్దాం. 1906 నాటి 30-06, 180 గ్రెయిన్ల మంచి బుల్లెట్‌తో, బ్యారెల్ చివర సుమారు 2,900 ఫుట్-పౌండ్ల శక్తినిస్తుంది. 8 పౌండ్ల రైఫిల్‌లో వెనక్కి తన్నేది 20 ఫుట్-పౌండ్లకు అటూ ఇటూ. 1963లో వచ్చిన 300 విన్‌మ్యాగ్ అదే బుల్లెట్‌ను దాదాపు 2,960 అడుగుల వేగంతో పంపుతుంది, శక్తి 3,500కు చేరుతుంది. తన్ను కూడా నాలుగో వంతు పైనే పెరుగుతుంది. 1958 నాటి 338 విన్‌మ్యాగ్ 225 గ్రెయిన్ల బుల్లెట్‌తో 3,900 దరిదాపుల్లో ఉంటుంది, కానీ తన్ను 30 దాటేస్తుంది. 1912 నాటి 375 హెచ్ అండ్ హెచ్ 300 గ్రెయిన్లతో 4,200 దాటుతుంది, తన్ను ఇంకా ఎక్కువ. 20 ఫుట్-పౌండ్లు దాటాక చాలామందికి బెదురు మొదలవుతుంది. ట్రిగ్గర్ లాగే క్షణంలో కళ్లు మూసుకోవడం, భుజం ముందుకు తొయ్యడం, దాంతో గుండు కిందికో పక్కకో పోవడం. 338తో పొట్టలో కొట్టిన మూస్ కన్నా, 30-06 కన్నా చిన్నదైన 308తో ఊపిరితిత్తుల్లో కొట్టిన మూస్ త్వరగా పడిపోతుంది. మనం చంపబోయే జంతువుకు మనం బాకీ ఉన్నది ఆ త్వరే.

స్వీడన్ వాళ్లను చూడండి. అక్కడ తరతరాలుగా 6.5×55 అనే తూటాతో, 156 గ్రెయిన్ల పొడవాటి బరువైన బుల్లెట్‌తో మూస్‌లను కొడుతున్నారు. దాని తన్ను 30-06 కన్నా బాగా తక్కువ. పొడవాటి బుల్లెట్ లోతుకు వెళుతుంది, గురి చెదరదు, పని పూర్తవుతుంది.

మరి ఎలుగుబంటి? మూస్‌ను కోస్తుంటే ఆ వాసనకు గ్రిజ్లీ వచ్చే ప్రదేశాలివి. బెదురు లేకుండా పేల్చగలిగితే 338 గానీ 375 గానీ తీసుకెళ్లడంలో అర్థముంది. గైడ్లు వాటిని మోసేది అందుకే. 30-06తో వెళ్లేవాళ్లు 200, 220 గ్రెయిన్ల బరువైన బుల్లెట్లు వాడితే దగ్గరి దూరాల్లో లోతు బాగా దొరుకుతుంది. ఏది మోసినా నడుముకు బేర్ స్ప్రే (ఎలుగుబంటి మీద కొట్టే కారపు స్ప్రే) ఉండాలి, మాంసం కోసేటప్పుడు ఒకరు చుట్టూ కాపలా కాయాలి.

రైఫిల్ విషయానికొస్తే, బోల్ట్ యాక్షన్, స్టెయిన్‌లెస్ ఉక్కు, సింథటిక్ స్టాక్ (భుజానికి ఆనించే పిడి భాగం). సెప్టెంబర్ అంటే అక్కడ ఎడతెగని వాన. చెక్క స్టాక్ తడికి ఉబ్బి బ్యారెల్‌ను నొక్కితే గుండు పడే చోటే మారిపోతుంది. 30-06కు 22 అంగుళాల బ్యారెల్, మ్యాగ్నమ్‌లకు 24 సరిపోతాయి. వించెస్టర్ మోడల్ 70, రూగర్ హాకై లాంటి వాటిలో వెడల్పాటి పంజా తూటాను మ్యాగజైన్ నుంచి పైకి లేవగానే పట్టుకుంటుంది. కంగారులో బోల్టును సగం దాకా ముందుకు నెట్టి మళ్లీ వెనక్కి లాగినా రెండు తూటాలు ఇరుక్కోవు. టిక్కా టీ3ఎక్స్, రెమింగ్టన్ 700 ఆ పద్ధతివి కావు గానీ, బోల్టును ప్రతిసారీ పూర్తిగా వెనక్కి లాగి, పూర్తిగా ముందుకు నెట్టి మూసే అలవాటుంటే ఇబ్బంది లేదు. ఏది కొన్నా, వేటకు వాడబోయే తూటాలతోనే ఫైరింగ్ రేంజ్‌లో మ్యాగజైన్ నింపి, వేగంగా ఖాళీ చేసి చూడండి. ఎక్కడైనా తట్టుకుంటే ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

స్కోప్ (గురి చూసే దుర్భిణి) 2-7 లేదా 3-9 రెట్లు పెద్దది చేసి చూపేదైతే చాలు. చీకటి తుప్పల్లో 30 గజాల్లో మూస్ లేచినప్పుడు అద్దం నిండా నల్లటి బొచ్చు తప్ప ఏమీ కనబడకపోతే కష్టం, కాబట్టి నడిచేటప్పుడు కింది అంకె మీదే ఉంచాలి. రింగుల స్క్రూలు చాలా వాటికి 15 నుంచి 20 అంగుళ-పౌండ్ల బిగువు. తయారీదారు చెప్పిన అంకె చూసి టార్క్ స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి. చిన్న విమానం కుదుపులకు వదులయ్యే స్క్రూలు ఇవే.

తడి, చలి చేసే చేటు మరోటి. బోల్టు లోపల చిక్కటి నూనె ఉంటే చలికి గట్టిపడి ఫైరింగ్ పిన్ నెమ్మదిస్తుంది, తూటా పేలదు. బోల్టు విప్పి, సాల్వెంట్‌తో నూనె మొత్తం కడిగి, పొడిగా తుడిచి, చలికి గట్టిపడని పల్చటి నూనె చుక్క మాత్రమే రాయాలి. రాత్రిపూట ఖాళీ చేసిన రైఫిల్‌ను వెచ్చటి గుడారంలోకి తేవద్దు. లోహం మీద తేమ పట్టి, పొద్దున బయటికి తీయగానే గడ్డకడుతుంది. బ్యారెల్ మూతికి ఒక పొర ఎలక్ట్రికల్ టేప్ అంటించండి. వాన, మంచు లోపలికి పోవు, దాని మీద నుంచే పేల్చవచ్చు. బ్యారెల్లో మంచు గడ్డో మట్టో ఉండగా పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలనూవచ్చు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నిషేధం, కాబట్టి ఇదంతా అక్కడున్న మనవాళ్ల కోసమే. అమెరికాలో హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి రైఫిల్ ముట్టుకునే ముందే ఆ కాగితం జేబులో ఉండాలి. అమెరికా నివాసులు కాని విదేశీయులు అలాస్కాలో ఏ పెద్ద జంతువును వేటాడాలన్నా లైసెన్స్ ఉన్న గైడ్ తప్పనిసరి. కెనడాలో ఉన్నవాళ్లకు ముందుగా సేఫ్టీ కోర్సు, తర్వాత తుపాకీ కొని దగ్గర ఉంచుకోవడానికి పీఏఎల్ లైసెన్స్.

విమానంలో తూటాల పరిమితి 5 కిలోలు. 30-06 డబ్బాలు రెండు, అంటే 40 తూటాలు, సుమారు కిలో తూగుతాయి, అవి చాలు. సామాను పోయినా 30-06, 308, 300 విన్‌మ్యాగ్, 338 అలాస్కా ఊళ్లలో దొరికే అవకాశం ఎక్కువ. కొత్త ఫ్యాషన్ తూటాలకు ఆ భరోసా లేదు.

జీరో, అంటే గురి పెట్టిన చోటే గుండు పడే దూరం, 200 గజాలకు పెట్టండి. 30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ 100 గజాల దగ్గర రెండు అంగుళాలు పైన, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కింద పడుతుంది. క్యాంపులో దిగాక అట్టపెట్టె మీద గురి గీసి, 100 గజాల నుంచి మూడు తూటాలు పేల్చి చూడండి. మూడూ రెండంగుళాల పైన గుత్తిగా పడకపోతే ముందు రింగుల స్క్రూలు చూడండి, ఆ తర్వాతే స్కోప్ తిప్పండి.