సైదాపురం మైకా కుప్పలో దొరికిన నల్లరాయి

సైదాపురం దగ్గర మూతపడిన మైకా గనుల పక్కన పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కాకిబంగారం రేకులు ఇప్పటికీ కుప్పలుగా పడి ఉన్నాయి. నిరుడు వేసవిలో మా మేనమామ అందులోంచి ఒక నల్లరాయిని ఏరి తెచ్చి, "ఏందిరా అబ్బయ్యా, ఇంత బరువుండాది?" అని నా చేతిలో పెట్టారు. గాలిలో 64 గ్రాములు తూగిన రాయి నీళ్లలో 53కి తగ్గింది. అంటే సాంద్రత దాదాపు 5.8. ఇనుము, నియోబియం ఆక్సైడ్ అయిన కొలంబైట్‌కు అది 5.2 చుట్టుపక్కల ఉంటుంది, నియోబియాన్ని పోలిన టాంటలం అనే లోహం పెరిగేకొద్దీ 8 దాకా పోతుంది. అంటే మా రాయి కొంత టాంటలం ఉన్న కొలంబైట్ అయ్యుండాలి.

కొలంబైట్‌లో ప్రతి లోహ అయాను (విద్యుదావేశమున్న పరమాణువు) చుట్టూ ఆరు ఆక్సిజన్‌లుంటాయి. ఇనుము ఆవేశం +2, నియోబియం ఆవేశం +5. ఇంత తేడా ఉన్నందువల్ల అవి కలగాపులగంగా కూర్చోక, ఒక వరుస ఇనుము, రెండు వరుసలు నియోబియం చొప్పున సర్దుకుంటాయి. ఆ క్రమం చెదిరితే వరుసలన్నీ ఒకేలా కనిపించి, 14.3 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు) పొడవున్న కణం, అంటే స్ఫటికంలో పదేపదే తిరిగి వచ్చే అతి చిన్న గడి, మూడో వంతుకు కుదించుకుపోతుంది. +4 ఆవేశమున్న టైటానియం, తగరం ఎక్కువగా చేరినప్పుడు జరిగేది ఇదే: అవి రెండు రకాల స్థానాల్లోనూ ఇమిడిపోతాయి కనుక వరుసల మధ్య తేడా మాసిపోతుంది.

అయితే ఆవేశంతోనే అంతా తేలదు. నియోబియం, టాంటలం అయాన్లు పరిమాణంలోనూ ఆవేశంలోనూ దాదాపు సమానమే. అయినా ఇనుము పక్కన టాంటలం చేరితే టాపియోలైట్ వస్తుంది. అందులో రూటైల్ (టైటానియం ఆక్సైడ్ ఖనిజం) కణం మూడింతలు పొడవై, ఇనుముకూ టాంటలానికీ వేరే వరుస ఏర్పడుతుంది. ఇనుము స్థానంలో కాస్త పెద్దదైన మాంగనీసు ఉంటే మాత్రం టాంటలం మళ్లీ కొలంబైట్ అమరికకే వస్తుంది. పాఠ్యపుస్తకాలు అయాన్ల వ్యాసార్థాలకు ఇచ్చినంత విలువ బంధాల స్వభావానికి ఇవ్వవని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మా రాయి పొడిని ఎక్స్‌రే కింద పెడితే 12.4 డిగ్రీల కోణం దగ్గర, ఆ మూడు వరుసల క్రమాన్ని చూపే గీత, ఉందో లేదో అన్నట్టుంది. టైటానియం వల్లనేమో అనుకున్నాను. అదే పొడిని 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో రాత్రంతా ఉంచి మళ్లీ చూస్తే, గీత నిటారుగా లేచింది. కూర్పే కారణమైతే వేడికి అంత సులువుగా సర్దుకునేది కాదు. పెగ్మటైట్‌లో, అంటే మైకా దొరికే ఆ ముతక స్ఫటికాల శిలలో, ఈ స్ఫటికం తొందరగా పెరిగి, అయాన్లకు తమ చోట్లు వెతుక్కునే వ్యవధి ఇవ్వలేదన్నమాట.