పాల ప్యాకెట్ లేని ఆదివారం

ఏప్రిల్, ఆదివారం. పొద్దున్నే ఎండ ఎక్కింది.

ఈ రోజు వంట: మధ్యాహ్నానికి గోంగూర పప్పు, పనసపొట్టు ఆవ పెట్టిన కూర. రాత్రికి చపాతీ, మీల్ మేకర్ కూర, చివర్లో వేరుశనగ పెరుగుతో అన్నం. పాలు, పెరుగు, నెయ్యి ఏవీ లేవు. నిజానికి మన పప్పులు, కూరలు, పులుసులు, పచ్చళ్లు, పొడులు చాలావరకు పాలు అడగనివే. చేయి ఆగేది మూడు చోట్ల: పెరుగన్నం, ముద్దపప్పు మీద నెయ్యి, మజ్జిగ పులుసు. ఆ మూడింటికీ దారి చూసుకుంటే మిగతాదంతా పులుపు, ఉప్పు, సెగ ఏ వేళకు పడాలన్న లెక్కే. కూరగాయలతోనే వండేటప్పుడు ఆ లెక్క తప్పితే దాచిపెట్టడానికి వెన్నా మీగడా ఉండవు.

పొద్దున మొదటి పని పెరుగు. ఈ ఎండకు తోడుకోవడానికి ఎనిమిది గంటలు చాలు కాబట్టి ఏడింటికి తోడు పెడితే సాయంత్రానికి అందుతుంది. రాత్రి నానబెట్టిన కప్పు పచ్చి వేరుశనగ గుళ్లు ఇప్పటికి ఉబ్బి, పొట్టు చేతికి ఊడివస్తుంది. వేయించినవి పనికిరావు. పాలకు వేపుడు వాసన పట్టడమే కాదు, వేడికి మాంసకృత్తులు ముందే బిగుసుకుపోయి నీళ్లలోకి సరిగా దిగవు. నానబెట్టే ముందు గుళ్లను పళ్లెంలో పోసి ఏరడం మాత్రం మానకూడదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు మచ్చ ఉన్నవి, కొరికితే చేదుగా ఉన్నవి తీసి పారేయాలి. వేరుశనగకు పట్టే ఒక రకం బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కడిగినా పోదు, మరిగించినా పోదు. కదిరి గుళ్లయినా, ఊరి సంతలో కొన్నవైనా ఈ ఏరడం తప్పదు.

నానిన నీళ్లు వంపేసి, పొట్టు తీసి, ముందు కప్పు నీళ్లతో వెన్నలా రుబ్బాలి. తర్వాత ఇంకో రెండు కప్పుల నీళ్లు పోసి మళ్లీ తిప్పాలి. మూడు కప్పులూ ఒకేసారి పోస్తే గుళ్లు బ్లేడుకు అందకుండా తిరుగుతాయి, పాలు పలచగా, పలుకులుగా వస్తాయి. పలచని పంచెగుడ్డలో వడగట్టి గట్టిగా పిండాలి. మిగిలిన పిప్పి చపాతీ పిండిలోనో, పచ్చిమిర్చి ఉల్లిపాయతో వడల్లోనో కలిపేయొచ్చు.

ఈ పాలు అడుగంటడంలో ఆవుపాల కంటే తొందర. అడుగు మందంగా ఉన్న గిన్నెలో, సన్నసెగ మీద, గరిటె అడుగుకు తగిలేలా తిప్పుతూ కాచాలి. పొంగు వచ్చాక మరో ఐదు నిమిషాలు. కాచకపోతే పచ్చి వాసన పోదు, పెరుగు కూడా వదులుగానే ఉంటుంది. తర్వాత చల్లార్చడం. వేలు పెడితే హాయిగా ఓర్చుకోగలిగినంత వేడి, అంటే సుమారు 40 డిగ్రీలు. అంతకన్నా బాగా వేడిగా ఉంటే తోడులోని సూక్ష్మజీవులు చస్తాయి. పూర్తిగా చల్లారితే మెల్లగా పులుస్తూ జిగురు సాగుతుంది.

తోడు సంగతి. ఇంట్లో పాత వేరుశనగ పెరుగు ఉంటే రెండు చెంచాలు చాలు. మొదటిసారి చేసేవారికి పచ్చిమిరపకాయ తొడిమలే తోడు: ఎనిమిదో పదో తొడిమలు, కాయ చీలకుండా తుంచినవి, కడిగి పాలలో మునిగేలా వేసి మూత పెట్టాలి. పెరుగుకు కావలసిన సూక్ష్మజీవులు ఆ తొడిమలకు అంటుకునే ఉంటాయి. ఇలా తొలిసారి తోడుకున్నది వదులుగా, కాస్త మిరప వాసనతో ఉంటుంది. దాన్ని తినకుండా తోడుగా వాడి మళ్లీ పెడితే రెండోది, మూడోది గట్టిపడతాయి. అడుగున నీరు తేరితే భయం లేదు. పాలు పలచనయ్యాయనో, ఎక్కువ సేపు ఉంచామనో అర్థం, అంతే. పైన గులాబీ, నారింజ, నలుపు మచ్చ ఏది కనిపించినా గిన్నెడూ పారబోయాలి. తోడుకున్నాక ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి ఉంచకపోవడం మంచిది.

ఈ పెరుగుతో మజ్జిగ పులుసు పెట్టేటప్పుడు కప్పు పెరుగుకు చెంచాడు శనగపిండి కలిపి చిలికి, సన్నసెగ మీద తిప్పుతూ, అంచున మొదటి బుడగ కనిపించగానే దించేయాలి. తెర్లనిస్తే విరిగి పలుకులు పలుకులుగా తేలుతుంది.

పదిన్నర. కందిపప్పు.

పప్పు ఉడకలేదని కుక్కర్‌ను తిట్టే ముందు చూసుకోవలసినవి మూడు: పులుపు, నీళ్లు, పప్పు వయసు. గింజ గోడలను పట్టి ఉంచే పెక్టిన్ మామూలు నీళ్లలో వేడికి కరుగుతుంది. పులుపు ఉంటే కరగదు. అందుకే గోంగూర, చింతపండు, మామిడికాయ, టమాటా ఏదైనా పప్పుతో కలిపి ఉడికిస్తే కొన్ని బద్దలు ఎన్ని కూతలు వచ్చినా పలుకుగానే ఉండిపోతాయి. బోరు నీళ్లలోని కాల్షియం కూడా అదే పెక్టిన్‌ను బిగిస్తుంది. నీళ్లు మరిగించిన గిన్నెలో తెల్లని పొర కట్టే ఊళ్లలో పప్పుకు మాత్రం ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు వాడితే తేడా ఆ రోజే తెలుస్తుంది. ఇక ఏడాది దాటి డబ్బాలో ఉన్న పప్పు ఎలా వండినా మొండికేస్తుంది. దాన్ని గంటసేపు నానబెట్టాలి. వంటసోడా చిటికెడు వేస్తే మెత్తబడే మాట నిజమే కానీ, పప్పులోని బి1 విటమిన్ నాశనమవుతుంది, రుచి సబ్బుగా మారుతుంది. అది నాకు ఇష్టం లేని దారి.

ఉప్పు మీద మాత్రం నింద ఎక్కువ. ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదని అందరూ అంటారు. పొట్టు ఉన్న గింజల విషయంలో అది తలకిందులు: శనగలు, బొబ్బర్లు లీటరు నీళ్లకు చెంచాడు ఉప్పు వేసి రాత్రంతా నానబెడితే పొట్టు మెత్తబడి, ఉడికేటప్పుడు పగలదు. ఉప్పులోని సోడియం పొట్టులోని కాల్షియం స్థానంలోకి చేరుతుంది.

ఈ రోజు కొలత: కప్పు కందిపప్పు, అరగంట నానబెట్టి, మూడు కప్పుల నీళ్లు, పావు చెంచా పసుపు, నాలుగు చుక్కల నూనె. నూనె చుక్క నురగను అణచి కుక్కర్ నాళం మూసుకుపోకుండా చూస్తుంది. సన్నసెగ మీద మూడు నాలుగు కూతలు, ఆవిరి దానంతట అది దిగాకే మూత. గోంగూర ఆకు రెండు కప్పులు, అదిమి కొలిచినంత, కడిగి ఆరబెట్టి, వేరే మూకుడులో చెంచా నూనెతో నాలుగు పచ్చిమిర్చి చీలికలతో మగ్గిస్తే ఐదారు నిమిషాల్లో పేస్టులా అవుతుంది. స్టీలు మూకుడే వాడాలి. అల్యూమినియం, ఇనుము గోంగూర పులుపుకు కరిగి రంగు, రుచి రెండూ చెడగొడతాయి. ఇత్తడి అయితే కళాయి పూసి ఉండాలి. ఉడికిన పప్పును ఎనిపి, గోంగూర, ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ఉడికించి దించాలి.

పోపులో వరస ముఖ్యం. రెండు చెంచాల పప్పునూనె, అంటే నువ్వుల నూనె, కాగాక మినప్పప్పు అర చెంచా, దానికి రంగు తిరుగుతుండగా ఆవాలు అర చెంచా, అవి చిటపటలాడాక జీలకర్ర, తర్వాత చితక్కొట్టిన ఐదారు వెల్లుల్లి రెబ్బలు, ఎండుమిర్చి, చివర కరివేపాకు, ఇంగువ. ఆవాలు ముందు వేసి మినప్పప్పు తర్వాత వేస్తే పప్పు ఎర్రబడేసరికి ఆవాలు మాడి చేదవుతాయి. బజారు ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. గోధుమ పడనివాళ్లుంటే డబ్బా వెనక చూసి కొనాలి.

నెయ్యి కమ్మదనం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచిస్తే బదులు దొరుకుతుంది. వెన్న కాగేటప్పుడు అడుగున ఎర్రబడే గసి నుంచే ఆ వాసన వస్తుంది. అంటే కావలసింది ఎర్రగా వేగిన వాసన. ముద్దపప్పుకు కందిపప్పును ఉడికించే ముందే పొడి మూకుడులో సన్నసెగ మీద లేత ఎరుపు వచ్చేదాకా వేయించి, వడ్డించేటప్పుడు పచ్చి పప్పునూనె ఒక చెంచా వేసుకుంటే నెయ్యి లేదన్న లోటు తెలియదు. ఆవకాయ కలుపుకుంటే అసలే తెలియదు.

పనసపొట్టు. కోనసీమలో కొట్టి అమ్మేది దొరికితే సగం పని తీరినట్టే. ఇంట్లో కొట్టాలంటే కత్తికీ చేతులకూ నూనె రాసుకోవాలి, లేకపోతే జిగురు వదలదు. పావు కిలో పొట్టును పావు చెంచా పసుపు, ఉప్పుతో పది పన్నెండు నిమిషాలు ఉడికించి, వార్చి, చల్లారాక గట్టిగా పిండాలి. నీరు మిగిలితే కూర పొడిపొడిగా రాదు. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, జీడిపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి, పొట్టు వేసి, చిన్న నిమ్మకాయంత చింతపండు చిక్కటి రసం పోసి దగ్గరయ్యేదాకా కలపాలి. పొయ్యి కట్టేయాలి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి.

ఆవ ఇప్పుడే. చెంచాన్నర ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు పావుగంట నానబెట్టి, చల్లని నీళ్లతో మెత్తగా నూరాలి. ఆవాల్లోని ఒక ఎంజైము నీటితో కలిసినప్పుడే ఘాటు పుడుతుంది. వేడినీళ్లతో నూరితే ఆ ఎంజైము చచ్చి చేదొక్కటే మిగులుతుంది. పొగలు కక్కే కూరలో కలిపితే పుట్టిన ఘాటు కూడా ఎగిరిపోతుంది. చింతపండు పులుపు ఆ ఘాటును కొంతసేపు నిలబెడుతుంది కాబట్టే ఈ కూరలో రెండూ జతగా ఉంటాయి. ముద్దను చెంచా పచ్చినూనెతో కలిపి కూరకు పట్టించి, గంట ఆగి తింటే బాగుంటుంది. అరటికాయకూ, కందకూ ఇదే పద్ధతి. కంద దురదకు కారణం సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. చింతపండు నీళ్లలో బాగా ఉడికించి వార్చాలి.

భోజనంతో పాటే టీ కాఫీలు వద్దు. తోటకూర, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. గంట ఎడం ఇవ్వాలి. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. అదీ పొయ్యి దించాకే, ఎందుకంటే విటమిన్ సి వేడికి నిలవదు.

సాయంత్రం కాల్షియం కోసం నువ్వుల పొడి. అర కప్పు పొట్టు నువ్వులు సన్నసెగ మీద చిటపటలాడేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చి, నాలుగు ఎండుమిర్చి, ఉప్పుతో మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. గాజు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంచాలి. బయట ఈ ఎండకు కంపు కొడుతుంది.

మీల్ మేకర్ గురించి తక్కువ చాలు. 50 గ్రాములు మరిగే ఉప్పునీళ్లలో ఐదు నిమిషాలు, చల్లనీళ్లలో వేసి పిండడం, మళ్లీ ఒకసారి చల్లనీళ్లు, మళ్లీ పిండడం. ఆ రెండో పిండడం మానేస్తేనే సోయా వాసన మిగిలేది. తర్వాత రెండు గరిటెల వేరుశనగ పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచి ఉల్లిపాయ మసాలాలో వేయాలి. ఆ 50 గ్రాముల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి.

రేపటికి ఇడ్లీ. సాయంత్రం నాలుగింటికి నానబెట్టిన కప్పు మినపగుళ్లు, అర చెంచా మెంతులు ఎనిమిదింటికి రుబ్బుడు. మిక్సీ అయితే ఐసు నీళ్లు పోయాలి, పిండి వేడెక్కితే పొంగదు. చిన్న ఉండ నీళ్లలో వేస్తే తేలాలి. రెండు కప్పుల ఇడ్లీ రవ్వ మూడుసార్లు కడిగి, నీళ్లు పిండేసి, రుబ్బిన పిండిలో చేత్తోనే కలపాలి. పులిసిన పిండిలో బి12 విటమిన్ ఉంటుందని చాలామంది నమ్ముతారు. నమ్ముకోదగినంత ఉండదు. పాలూ మాంసమూ పూర్తిగా మానేసినవాళ్లు బి12 మాత్రను డాక్టరును అడిగి వాడాలి. దీనికి వంటింట్లో బదులు లేదు. లోటు ఏళ్ల తరబడి తెలియకుండా సాగి, తిమ్మిర్లు, నీరసం, నరాల జబ్బుగా బయటపడుతుంది.

పిండి గిన్నెలో సగానికి మించకుండా చూసి, ఎండాకాలం కాబట్టి ఉప్పు రాత్రే కలిపేయాలి, పులుపు అదుపులో ఉంటుంది. ఏడెనిమిది గంటలు చాలు. పొద్దున పొంగిన పిండిని గరిటెతో కలిపి గాలి పోగొట్టకుండా పైనుంచే తీసి రేకుల్లో పోయాలి. పన్నెండు నిమిషాలు ఆవిరి, ఐదు నిమిషాలు ఆగి, తడి చెంచాతో తీయాలి.